ప్లాటుకి అడ్వాన్సు ఇచ్చే ముందు: ఏది ముందు, ఏది తర్వాత

భోగాపురం ఎయిర్‌పోర్టు మాట మొదలైన దగ్గర్నుంచి నాతవలస, పూసపాటిరేగ, డెంకాడ చుట్టుపక్కల ఎటు చూసినా రంగు జెండాలే. నిన్నటిదాకా సరుగుడు, మామిడి ఉన్న గరువుల్లో ఇవాళ తెల్లరాళ్లు పాతి ఉన్నాయి. విజయనగరంలో రిటైరైన మాస్టారికీ, కొడుకు గల్ఫులో ఉన్న సోంపేట తల్లికీ ఒకే రకం ఫోను వస్తుంది: “ఆదివారం ఖాళీయేనా అండీ? కారు పంపిస్తాం, ఊరికే చూసి రండి.”

కొనాలో మానాలో మీ ఇష్టం, మీ లెక్క. ఆ లెక్క వేసేటప్పుడు బుర్ర ఎక్కడెక్కడ జారుతుందో, అందుకని ఏ పనిని ఏ పనికంటే ముందు పెట్టుకోవాలో చెబుతాను. ఇదంతా వరస గురించే.

వరస మీద ఇంత పట్టు ఎందుకంటే, తెలివి ఒక్కటే ఇక్కడ పనికిరాదు. డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1974లో ‘సైన్స్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. సంగతి పూర్తిగా తెలియని చోట మనిషి లెక్క కట్టడు, అడ్డదారి తొక్కుతాడు. ఆ అడ్డదారులు చాలాసార్లు ఇంటికే చేరుస్తాయి గానీ, తప్పినప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకే వైపుకి తప్పిస్తాయి. అదీ దాని సారం. ట్వెర్‌స్కీ 1996లో పోయాడు. కానెమన్‌కి 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అంతటి మనిషీ, ఇన్నేళ్లు ఇదే పని చేసినా తనకి చటుక్కున తోచే ఊహలు ఏమంత బాగుపడలేదని ఒప్పుకున్నాడు. మరి మనమెంత? ఒక వ్యాసం చదివేసి “నాకు ఇవన్నీ తెలుసు” అనుకుని సైటుకి వెళ్లేవాడే, నన్నడిగితే, అందరికంటే సులువుగా దొరికిపోతాడు.

చీర కొనడానికి, టిఫిన్ ఎక్కడ తినాలో తేల్చడానికి ఈ తతంగమంతా వద్దు. అన్నిటికన్నా మంచిది వెతికే బదులు, సరిపోయేది దొరగ్గానే ఆగిపోవడం మనిషికి సహజమనీ, అది చాలాచోట్ల తెలివైన పనేననీ హెర్బర్ట్ సైమన్ ఎప్పుడో చెప్పాడు. ఆయనకీ 1978లో నోబెల్ వచ్చింది. వెనక్కి తీసుకోలేనివి, ఏళ్ల సంపాదన పెట్టేవి, అలాంటి వాటికే ఈ పద్ధతి. ఒక నోటుబుక్కు, ఒక పెన్ను తెచ్చుకోండి. ఫోనులో రాస్తే తర్వాత దిద్దేస్తారు, అందుకని కాగితమే.

1. ప్రశ్న మార్చి రాయండి

మొదటి పేజీ మీద “ఈ ప్లాటు కొనాలా, వద్దా?” అని రాస్తే సగం కొనేసినట్టే. ఆ ప్రశ్నలో ఒక్క ప్లాటే కనపడుతుంది. దాని ఎదురుగా నిలబడాల్సినవి కనపడవు.

పైన డబ్బు అంకె రాయండి. పన్నెండు లక్షలు అనుకుందాం. కింద “ఈ పన్నెండు లక్షలతో చేయదగ్గవి” అని రాసి, కనీసం నాలుగు నింపండి. ఉన్న ఇంటి లోను తీర్చేయడం. సొంతూళ్లో పడిపోతున్న పెంకుటిల్లు బాగుచేయించడం. అమ్మాయి పీజీ ఫీజుకని ఫిక్స్‌డ్‌లో పెట్టడం. అసలేమీ చేయకుండా ఓ ఏడాది అలాగే ఉంచడం కూడా ఒకటి, అదీ రాయండి. ప్లాటు ఐదోది.

ఇది ఉత్త లాంఛనం అనుకోకండి. షేన్ ఫ్రెడరిక్, ఆయన తోటివారు 2009లో ఒక ప్రయోగం ప్రచురించారు. పదిహేను డాలర్ల సినిమా డీవీడీ కొంటారా, కొనరా అని కొందరిని అడిగారు. నూటికి 75 మంది కొంటామన్నారు. వేరే గుంపుని అడిగినప్పుడు, “కొనను” అనే చోట “కొనను, ఆ డబ్బు ఇంకోదానికి దాచుకుంటాను” అని నాలుగు మాటలు కలిపారంతే. కొంటామన్నవాళ్లు 55కి దిగిపోయారు. డబ్బు మిగిలితే ఇంకో పనికి వస్తుందని ఎవరికి తెలియదు? తెలిసినా, ఎదురుగా రాసి ఉంటే తప్ప గుర్తుకి రాలేదు.

ఇంకో చిన్న సంగతి ఈ పేజీలోనే చూసుకోవాలి. ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది? గ్రాట్యుటీ, భూసేకరణ పరిహారం, చిట్టీ పాడిన డబ్బు, ఇలా ఒక్కసారిగా చేతికొచ్చింది జీతం డబ్బులా అనిపించదు. వేరే జేబులో వేసుకుని, వేరే రకంగా తెగిస్తాం. రిచర్డ్ థేలర్ దీని మీద చాలా పనిచేశాడు, ఆయనకి 2017లో నోబెల్ ఇచ్చారు. పరీక్ష ఒకటే: నెలనెలా జీతంలోంచి మిగిల్చి కూడబెట్టిన పన్నెండు లక్షలైతే ఇదే ప్లాటు మీద పెడతారా? జవాబు మారితే, మిమ్మల్ని కొనిపిస్తున్నది ప్లాటు కాదు, డబ్బు వచ్చిన దారి.

2. వాళ్ల రేటు వినకముందే మీ రేటు వేయండి

ఈ మెట్టు దాటేస్తే మళ్లీ వెనక్కి రాలేరు. ఒకసారి అంకె చెవిన పడిందంటే ఇక తీయలేం.

కానెమన్, ట్వెర్‌స్కీ ఒక చక్రం తిప్పి చూపించేవారు. సున్నా నుంచి వంద దాకా అంకెలున్నా, అది 10 దగ్గరో 65 దగ్గరో మాత్రమే ఆగేలా ముందే సర్దిపెట్టారు. చక్రం ఆగాక, ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు నూటికెన్ని అని అడిగేవారు. చక్రానికీ ఆఫ్రికాకీ ఏ సంబంధమూ లేదు. అయినా 10 చూసినవాళ్ల మధ్యస్థ అంచనా 25, 65 చూసినవాళ్లది 45. ఉత్త చక్రమే ఇంత లాగితే, “గజం పద్దెనిమిది వేలు నడుస్తోందండీ, మీరు మాస్టారు గారి తాలూకని పద్నాలుగున్నరకి ఇప్పిస్తాను” అన్న మాట ఎంత లాగుతుంది! ఆ క్షణం నుంచి మీ బుర్ర పద్నాలుగున్నర ఎక్కువా తక్కువా అని చూడదు. మూడున్నర వేలు మిగిలాయి అని చూస్తుంది.

కాబట్టి ఫోను చేసినవాడితో రేటు మాట్లాడకండి. “ముందు సర్వే నంబరు, ఎల్పీ (లేఔటు పర్మిట్) నంబరు వాట్సాప్‌లో పెట్టండి, రేటు తర్వాత చూద్దాం” అనండి. ఈలోగా రెండు పనులు. ఆ సర్వే నంబరుకి ప్రభుత్వం కట్టిన విలువ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో చూడండి. అది బయటి ధర కాదు, సరే, కానీ ఎవరూ మీకు అమ్మే ఉద్దేశంతో చెప్పిన అంకె కూడా కాదు. రెండోది ఇంకా పదునైంది. ఆ చుట్టుపక్కల ఇప్పటికే ప్లాటున్న తెలిసినవాళ్లు ఒకరుంటారు. వాళ్లచేత బ్రోకరుకి ఫోను చేయించండి: “నాది అమ్ముదామనుకుంటున్నాను, ఎంతకి పోతుంది, ఎన్నాళ్లు పడుతుంది?” కొనేవాడికి చెప్పే రేటుకీ అమ్మేవాడికి చెప్పే రేటుకీ మధ్య ఉన్న గొయ్యి ఎంత లోతో అప్పుడు తెలుస్తుంది. ఆ రెండూ చూసుకుని, “గజానికి ఇంతకి మించి ఇవ్వను” అని మీ అంకె రాసి, పక్కన తేదీ వేయండి. ఆ తర్వాత వినండి వాళ్ల రేటు.

3. పదిమంది జాబితా

“విశాఖ మధురవాడలో అప్పట్లో ఓ రెండొందల గజాలు పడేసుంటేనా…” అన్న మాట వినని ఇల్లు విజయనగరంలో ఉండదు. అలా కొని కోటీశ్వరుడైన మేనమామ ప్రతి కుటుంబంలో ఒకడుంటాడు. పెళ్లి భోజనాల దగ్గర ఆయన కథే నడుస్తుంది. కొని, పంచాయతీ లేఔటని (పై అనుమతుల్లేనిదని) తేలి, ఇప్పటికీ అమ్ముకోలేక ఏటేటా ముళ్లకంప కొట్టిస్తున్న మరో మేనమామ అదే బంతిలో మజ్జిగ పోసుకుంటూ ఉంటాడు. ఆయన నోరు విప్పడు. విప్పడు కాబట్టి మన లెక్కలోకి రాడు. సులువుగా గుర్తొచ్చేదే ఎక్కువసార్లు జరుగుతుందని బుర్ర అనుకుంటుంది.

అందుకని రాతలో పెట్టాలి. మీకు తెలిసినవాళ్లలో గత పదీ పదిహేనేళ్లలో ప్లాటు కొన్నవాళ్లు పదిమంది పేర్లు రాయండి. కథ తెలిసిన పేర్లు కాదు, కొన్న పేర్లు. ఆఫీసులో ఎవరు, మీ వీధిలో ఎవరు, మీ ఆవిడ వైపు ఎవరు. ఒక్కొక్కరికీ నాలుగు గడులు గీయండి: ఎంతకి కొన్నారు, కాగితాలు శుభ్రంగా ఉన్నాయా, అమ్మారా, అమ్మితే చేతికెంత వచ్చింది. అమ్మనివాళ్ల దగ్గర “ఇప్పుడు ఇంత ఉంటుంది” అనే అంకె రాయకండి. అది వాళ్ల ఆశ. గడి ఖాళీగా వదిలేయండి. పది పేర్లూ నింపాక, మీ ప్లాటుకి ఏం జరుగుతుందో చెప్పడానికి ఆ బ్రోచరు కంటే ఈ పేజీయే ఎక్కువ పనికొస్తుంది.

ఇక్కడే టైము సంగతి కూడా. “రెండేళ్లలో డబుల్” అన్న మాటలో డబుల్ గురించి అందరూ వాదిస్తారు, రెండేళ్ల గురించి ఎవరూ అడగరు. 1994లో బ్యూలర్, గ్రిఫిన్, రాస్ అనే పరిశోధకులు డిగ్రీ చివర్లో ఉన్న విద్యార్థుల్ని థీసిస్ ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగారు. సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే? 49 రోజులు. నిజంగా పట్టింది 55 పైన. అంటే వాళ్లు ఊహించుకున్న దరిద్రం కూడా చాలలేదన్నమాట. తన పని గురించి ఆలోచించేటప్పుడు మనిషి ఆ పని సాఫీగా సాగే బొమ్మే గీసుకుంటాడు, ఇంతకుముందు ఇలాంటివి ఎన్నాళ్లు పట్టాయో వెనక్కి తిరిగి చూడడు.

మన కళ్లముందున్నదే చూడండి. భోగాపురం ఎయిర్‌పోర్టుకి 2019 ఫిబ్రవరిలో ఒక ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు, 2023 మేలో ఇంకో ముఖ్యమంత్రి మళ్లీ చేశారు. మొదటి కొబ్బరికాయ కొట్టిన వారం “రెండేళ్లలో విమానం” అని నమ్మి వడ్డీకి తెచ్చి కొన్నవాడి వడ్డీ రెండో కొబ్బరికాయ దాకా ఆగలేదు. ఎయిర్‌పోర్టు రావడం వేరు, మీకు కావలసిన ఏడాదిలో మీ ప్లాటు అమ్ముడుపోవడం వేరు. బ్రోకరు చెప్పిన గడువుకి పక్కన, మీ పదిమంది జాబితాలో అమ్మినవాళ్లకి పట్టిన ఏళ్లు రాయండి. రెండో అంకెతోనే లెక్క వేయండి.

4. “వద్దు” అనడానికి వెతకండి

నచ్చింది. ఇప్పుడు బుర్ర వకీలు పని మొదలెడుతుంది, నచ్చినదానికి సాక్ష్యాలు పోగేస్తుంది. దీన్ని 1960లో పీటర్ వాసన్ చిన్న ఆటలో పట్టుకున్నాడు. 2, 4, 6 అని మూడంకెలు ఇచ్చి, వీటి వెనక నా మనసులో ఒక సూత్రం ఉంది, మీరు వేరే మూడేసి అంకెలు చెబుతూ ఉండండి, సూత్రానికి సరిపోతాయో లేదో చెబుతాను, చివరికి సూత్రం చెప్పండి అన్నాడు. చాలామంది 8, 10, 12 అన్నారు. సరిపోయింది. 20, 22, 24 అన్నారు. సరిపోయింది. “రెండేసి పెరిగే అంకెలు” అని ధీమాగా ప్రకటించారు. తప్పు. పెరిగే అంకెలు ఏవైనా సరిపోతాయి, అదే సూత్రం. 1, 7, 50 అని ఒక్కసారి అడిగి ఉంటే బయటపడేది. 6, 4, 2 అని అడిగినా ఇంకో కొస దొరికేది. తన ఊహ తప్పయ్యే చోటుకి వెళ్లి తట్టడం ఎవరికీ తోచదు.

మీరు తట్టాల్సిన చోట్లు సైటుకి వెళ్లకముందే రాసుకోండి. ఇవి తేలితే రేటు ఎంత తగ్గించినా వద్దు, అనే షరతులు. నా జాబితా అయితే ఇలా ఉంటుంది. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల పట్టీలో) ఉంటే వద్దు. ముప్ఫై ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తనఖాల చిట్టా) తీయించినప్పుడు లింకు డాక్యుమెంట్లలో ఎక్కడైనా తెగితే, లేదా తనఖా కనపడితే వద్దు. “అప్రూవల్ వచ్చేస్తోంది, దారిలో ఉంది” అంటే, వచ్చాక మాట్లాడదాం. రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు అడిగితే మాట మారిస్తే వద్దు. గెడ్డ (వాగు) పోరంబోకో, చెరువు గర్భమో తగులుతుంటే వద్దు. లోపలికి వెళ్లే దారి ఎవరిదో జిరాయితీ (సొంత పట్టా భూమి) అయితే వద్దు. సొమ్ము ఖర్చయ్యేది ఈసీకీ, కాగితాలు చూసే లాయరుకీ. అమ్మేవాడు చూపించిన లాయరు కాదు, మీ లాయరు.

అడగడంలోనూ ఇదే కిటుకు. లేఔటు పక్కన గట్టు మీద కూర్చున్న రైతుని మనం మామూలుగా ఎలా అడుగుతాం?

“వానాకాలం ఇక్కడ నీళ్లేవీ రావు కదా తాతా?”

“రావు బాబూ, రావు.”

పాపం, ఆయనకి మనతో పేచీ ఎందుకు? మనకి కావలసిన జవాబు మన ప్రశ్నలోనే ఉంది, అదే తీసి మర్యాదగా మన చేతిలో పెట్టాడు. అదే మనిషిని ఇంకోలా అడగండి.

“గట్టిగా వానొస్తే నీళ్లు ఎటునుంచొచ్చి ఎక్కడ ఆగుతాయి తాతా?”

“అదిగో, ఆ తుప్పల కాడ గెడ్డుంది కదేటి. పొంగిందంటే గట్టు దాటీసి ఈ రాళ్ల మీదికే వచ్చీస్తాది బాబూ. తుపానప్పుడు మా ఊడుపులన్నీ ఓపాలి ములిగిపోనాయి.”

మనిషి అదే, గట్టు అదే. “కదా” తీసేశాం, “ఎటునుంచి” పెట్టాం. బ్రోకరు దగ్గరా అంతే. “కాగితాలన్నీ క్లియరే కదా?” అనకండి. “ఈ లేఔటులో కొన్నవాళ్లు ఇప్పటిదాకా ఏ విషయంలో గొడవ పడ్డారు?” అనండి. గొడవలే లేవంటే, అదీ ఒక జవాబే.

5. సైటుకి మీ బస్సులో, మీ భోజనంతో

వాళ్ల ఏసీ కారు ఎక్కకండి. దారిలో కాఫీ, వచ్చేటప్పుడు బిర్యానీ, చేతిలో స్వీటు డబ్బా. ఉప్పు తిన్నాక మొహమాటం పట్టుకుంటుంది. 1971లో డెనిస్ రీగన్ చేసిన ప్రయోగంలో, అడక్కుండా ఒక కోక్ తెచ్చిచ్చినవాడు ఆ తర్వాత లాటరీ టికెట్లు కొనమంటే, కోక్ తాగనివాళ్లకన్నా తాగినవాళ్లు దాదాపు రెట్టింపు కొన్నారు. విజయనగరం కాంప్లెక్సులో బస్సెక్కి వెళ్లండి, మీ క్యారేజీ మీరు తీసుకెళ్లండి.

చెక్‌బుక్కు ఇంట్లో వదిలేయండి. ఫోన్‌పే కూడా ఆ రోజుకి తెరవకండి. “కార్నర్ బిట్లు రెండే మిగిలాయి”, “ఎల్లుండి నుంచి మూఢం, ఈ రోజు దశమి, టోకెన్ వేసేయండి” అంటారు. దానికి జవాబు ముందే తయారుగా ఉంచుకోండి, అక్కడ ఆలోచించకండి: “సైటు దగ్గర డబ్బు ఇవ్వడం మా ఇంట్లో లేదండీ.” కారణం చెప్పొద్దు. కారణం చెబితే దానికి మందు వాళ్ల దగ్గర ఉంటుంది.

6. చీటీల మీద, విడివిడిగా

ఇంటికొచ్చాక అందరూ కూర్చుంటారు. పెద్ద బావగారు సోఫాలో వెనక్కి వాలి “బాగానే ఉందిలేవోయ్” అంటారు. అయిపోయింది. తర్వాత మాట్లాడే నలుగురూ బావగారి మాటకే తలా ఒక తోక తగిలిస్తారు. అయిదుగురు చెప్పారని మీరు అనుకుంటారు, నిజానికి చెప్పింది ఒక్కరే.

1906లో ఇంగ్లండులోని ప్లిమత్ సంతలో ఒక ఎద్దుని చూపించి, కోసి శుభ్రం చేశాక మాంసం ఎంత తూగుతుందో చీటీ మీద రాయమని పందెం పెట్టారు. ఫ్రాన్సిస్ గాల్టన్ ఆ చీటీలు తెప్పించుకుని, చదవడానికి వీలైన 787 చీటీల లెక్క 1907లో ‘నేచర్’ పత్రికలో వేశాడు. సరిగ్గా నడిమి అంచనా 1,207 పౌన్లు. తూకం 1,198. కసాయివాళ్లతో పాటు ఏమీ తెలియనివాళ్లూ రాశారు, ఒకడి తప్పు ఇంకొకడి తప్పుతో కొట్టుకుపోయింది. అలా కొట్టుకుపోవాలంటే ఎవరి చీటీ వాళ్లు, పక్కవాడిది చూడకుండా రాయాలి. ముందుగా ఎవరో పెద్దమనిషి గట్టిగా “పదిహేను వందలు” అని అరిచి ఉంటే ఈ లెక్క వచ్చేదే కాదు.

కాబట్టి కూర్చునే ముందే చీటీలు పంచండి. ప్రతి ఒక్కరూ రెండు అంకెలు రాయాలి: గజం ఎంతకైతే కొనొచ్చు, ఐదేళ్లలో కొన్న ధరకన్నా ఎక్కువకి అమ్మగలిగే అవకాశం నూటికెంత. ఇంట్లో ఖర్చు చూసే ఆడవాళ్ల చీటీ తప్పకుండా ఉండాలి. మాటల్లో అయితే “మీరెలా అంటే అలాగే” అనేసే మనిషి కాగితం మీద నూటికి ఇరవై అని రాయడం చూస్తారు. చీటీలన్నీ విప్పాకే చర్చ, అదీ అందరికంటే చిన్నవాళ్లతో మొదలు. పెద్ద బావగారు ఆఖర్న. ఆయనకి కోపం రాకుండా ఎలా చెప్పాలన్నది మాత్రం నేను చెప్పలేను, అది మీ ఇంటి రాజకీయం.

7. తథాస్తు దేవతలకి దొరక్కుండా

గేరీ క్లైన్ అనే ఆయన 2007లో ఒక పద్ధతి గురించి రాశాడు. పని మొదలెట్టే ముందు, అది ఘోరంగా విఫలమైపోయిందని అనుకోవాలి. అవుతుందేమో అని కాదు, అయిపోయింది అని. ఆ తర్వాత అందరూ ఎందుకు విఫలమైందో కారణాలు రాయాలి. “ఏమైనా ఇబ్బంది ఉంటుందా?” అని అడిగితే, సందడి పాడుచేయడం ఇష్టంలేక అందరూ ఊరుకుంటారు. “పాడైపోయింది, ఎందుకో చెప్పు” అంటే అనుమానం చెప్పడం తెలివితేటల కింద లెక్కకొస్తుంది, పిరికితనం కింద కాదు.

మంచి పద్ధతే, మన ఇళ్లలో మాత్రం నడవదు. శుభమా అని భూమి కొనబోతుంటే “ఈ ప్లాటు మన కొంప ముంచింది, ఎలాగో చెప్పండి” అంటే అమ్మ చెవులు మూసుకుంటుంది. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు. “నోట్లోంచి అలాంటి మాటలేటిరా!” అని కసురుతుంది. ఆమెతో వాదించకండి. కథని పక్కవీధికి పంపేయండి. “ఇదే ప్లాటు, ఇదే రేటుకి, మనలాంటి జీతగాళ్లే ఎవరో కొన్నారు. ఐదేళ్ల తర్వాత సంక్రాంతికి కలిస్తే మనిషి చిక్కి సగమైపోయి ఉన్నాడు. ఏం జరిగుంటుంది?” ఇక చూడండి, అమ్మే ముందు మొదలెడుతుంది: “అప్పు చేసుంటాడు.” తమ్ముడు: “హద్దురాళ్లు జరిపేసుంటారు.” మరదలు: “పిల్లకి సంబంధం కుదిరుంటుంది, అమ్మబోతే ఎవరూ కొని ఉండరు.”

దేవతల సంగతి ఎలా ఉన్నా, పక్కవీధికి పంపడంలో ఇంకో లాభం ఉంది. సొంత చిక్కు గురించి కంటే స్నేహితుడి చిక్కు గురించి మనుషులు తెలివిగా ఆలోచిస్తారని ఇగోర్ గ్రాస్‌మన్, ఈథన్ క్రాస్ 2014లో ప్రయోగాలు చేసి చూపించారు. సొంత చిక్కునే బయటివాడిలా నిలబడి చూసినా ఆ తేడా పోయింది. వచ్చిన కారణాలన్నీ రాసి, ఒక్కోదాని పక్కన “ఇది జరగకుండా ఇప్పుడే చేయగల పని” అని రాయండి. హద్దురాళ్లంటే, రిజిస్ట్రేషన్‌కి ముందే సర్వేయరుతో కొలిపించడం. పిల్ల పెళ్లంటే, మూడేళ్లలో అవసరపడే డబ్బు ఇందులో పెట్టకపోవడం. మందు లేని కారణాలు రెండు మూడు మిగిలితే మొదటి పేజీలోని మిగతా నాలుగింటి వైపు చూడండి.

8. వాయిదా కట్టే ముందే, ఎక్కడ ఆపాలో

ఒక్కసారి అడ్వాన్సు ఇచ్చాక మీరు వేరే మనిషి. రెండు లక్షలు కట్టి ఉన్నారు, అప్రూవల్ రాలేదు, మూడో వాయిదా అడుగుతున్నారు. “ఇప్పుడు ఆపేస్తే ఆ రెండు లక్షలూ పోతాయి కదా” అని ఇంకో లక్ష కడతారు. పోయిన రూపాయి వచ్చిన రూపాయికన్నా బరువుగా తూగుతుందన్నది కానెమన్, ట్వెర్‌స్కీ 1979లో పెట్టిన సిద్ధాంతంలో గుండెకాయ లాంటి సంగతి. ఆర్క్స్, బ్లూమర్ 1985లో చూపించింది ఇంకా చిత్రం. ఒక నాటకశాల సీజను టికెట్లని కొందరికి పూర్తి ధరకి, కొందరికి చెప్పాపెట్టకుండా తగ్గింపు ధరకి అమ్మారు. నాటకాలు అవే, కుర్చీలు అవే. సీజను మొదటి సగంలో, పూర్తి ధర పెట్టినవాళ్లే ఎక్కువ నాటకాలకి వెళ్లారు. డబ్బు ఎప్పుడో అయిపోయింది, ఎలాగూ తిరిగి రాదు. అయినా కాళ్లు అటే లాగాయి.

అగ్రిమెంటు రాసుకునే ముందే, ఇంకా పైసా ఇవ్వకముందే, ఒక వాక్యం రాయండి: “ఫలానా తేదీ లోపు ఫలానా కాగితం చూపించకపోతే తర్వాతి వాయిదా కట్టను, కట్టింది తిరిగి అడుగుతాను.” కింద సంతకం పెట్టి మీ ఆవిడకో, తమ్ముడికో ఇవ్వండి. అదే షరతు అగ్రిమెంటులోనూ పడేలా చూడండి. ఒప్పుకోకపోతే, ఎందుకు ఒప్పుకోవడం లేదో ఇప్పుడే తెలిసింది కదా, చవకలో.

మధ్యలో ఎప్పుడు సందేహం వచ్చినా ఒకటే ప్రశ్న. “ఈ రోజుదాకా నేను ఒక్క రూపాయీ కట్టలేదు. మిగిలిన డబ్బుకి ఈ ప్లాటు ఈ స్థితిలో ఎవరైనా ఇస్తానంటే కొత్తగా కొంటానా?” కొంటానంటేనే వాయిదా.

9. ఆఖరి పేజీ

కొన్నా, మానుకున్నా, ఆ రోజు ఒక పేజీ రాసి మూసేయండి. తేదీ. ఏం తేల్చుకున్నారు. ముఖ్యమైన మూడు కారణాలు. ఐదేళ్లలో లాభానికి అమ్మగలిగే అవకాశం నూటికెంతని ఆ రోజు మీకు అనిపించింది. అంకె తప్పనిసరి. “బహుశా”, “చూడాలి” లాంటి మాటలు తర్వాత ఎటు కావాలంటే అటు వంగుతాయి.

ఇది ఎందుకంటే, జ్ఞాపకం మనకి తెలియకుండా దిద్దుకుంటుంది. 1972లో నిక్సన్ చైనా, మాస్కో వెళ్లే ముందు బరూక్ ఫిషాఫ్, రూత్ బేత్ కొందరిని అడిగారు, ఆ పర్యటనల్లో ఫలానాది జరిగే అవకాశం ఎంత అని. పర్యటనలు ముగిశాక, అప్పట్లో మీరు ఎంతన్నారో గుర్తుచేసుకోండి అన్నారు. జరిగిన వాటికి తాము అసలు చెప్పినదానికన్నా ఎక్కువ చెప్పినట్టు గుర్తుచేసుకున్నారు. అబద్ధమాడలేదు, అలాగే గుర్తుంది. మన ఇళ్లలో దీని పేరు “నేను అప్పుడే చెప్పాను”. ప్లాటు ధర పెరిగితే కొనమన్నది తామేనని అందరికీ గుర్తొస్తుంది, గొడవల్లో పడితే వద్దన్నది తామేనని అందరికీ గుర్తొస్తుంది. నోటుబుక్కు తెరిచే దాకా ఆ గొడవ తెగదు.

ఏడాదికోసారి, పైడితల్లి సిరిమానోత్సవం వెళ్లిన వారంలో అనుకోండి, ఆ పేజీ తీసి చూడండి. రెండు ప్రశ్నలు విడివిడిగా వేసుకోండి. ఫలితం బాగుందా? ఆ రోజు తెలిసిన సంగతులతో తేల్చుకున్న తీరు బాగుందా? ఈసీ చూడకుండా కొని లాభపడినవాడు ఉంటాడు, అన్నీ చూసి కొని నష్టపోయినవాడూ ఉంటాడు. రెండో ప్రశ్న వేసుకోకపోతే మొదటివాడు మళ్లీ ఈసీ చూడకుండానే కొంటాడు, రెండోవాడు ఇక ఏదీ చూడడం దండగని మానేస్తాడు. మానుకున్న ప్లాటుకి కూడా ఈ పేజీ ఉండాలి, దాని ధర కూడా ఏడాదికోసారే కనుక్కోండి. నెలనెలా బ్రోకరుకి ఫోను చేసి కనుక్కుంటే, అతను మీ నంబరు ఇంకో నలుగురికి ఇస్తాడు.